మన డ్రాయింగ్ సార్ గుర్తున్నారా? (హన్మకొండ హైస్కూల్ పాత విద్యార్థులు)

కొత్తవాడ_మగ్గం:

అందరికీ నమస్తే. దసరాకు ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామాను దించితే, బాపు దాచుకున్న జంపఖానా నమూనాల కట్టలో నా తొమ్మిదో తరగతి డ్రాయింగ్ షీట్లు కనిపించాయి. నావి అక్కడెందుకు ఉన్నాయో తెలియదు. బాపు లేడు, అడగడానికి వీల్లేదు. ఆయన గ్రాఫు కాగితాల మధ్య నా బొమ్మల్ని కూడా మడత పడకుండా పెట్టాడంటే చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఒక షీటు మీద స్టీలు చెంబు ఉంది. కింద మూలకు సార్ ఎర్ర పెన్సిల్‌తో రాసిన మాట: "చెంబు నిలబడింది. నీడ ఎక్కడ?"

ఆ చెంబు సంగతి మన బ్యాచుల వాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. జూన్‌లో బడి తెరవగానే సార్ బల్ల మీద చెంబు పెట్టేవారు. ఆగస్టు దాకా అదే చెంబు. మేము మూతి గుండ్రంగా గీసి, అడుగు మాత్రం స్కేలు పెట్టి తిన్నగా కొట్టేవాళ్ళం. బల్ల మీద ఉంది కాబట్టి అడుగు తిన్నగానే ఉండాలని మా లెక్క. సార్ ఒకరోజు చెంబును నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా పట్టుకున్నారు. "మూతి ఎట్లుంది?" గీతలాగా ఉంది సార్. మెల్లగా కిందికి దించుతూ పోయారు. గీత కాస్తా తెరుచుకుంది, కోడిగుడ్డులా అయింది, ఇంకా దించితే ఇంకా గుండ్రంగా వచ్చింది. "మరి అడుగు మూతికన్నా కిందుంది కదరా. అది మూతికన్నా ఎక్కువ వంగాలా, తక్కువ వంగాలా?"

అప్పుడు వెలిగింది. అప్పటిదాకా నాకు తెలిసిన చెంబును గీస్తున్నా తప్ప ఎదురుగా ఉన్న చెంబును గీయడం లేదు. ఇప్పుడు నేను దర్రీల (జంపఖానాల) డిజైన్ పని చేస్తున్నాను. ఏ నమూనా పట్టుకున్నా ముందు కళ్ళ ఎత్తుకు తెచ్చి, తర్వాత దించి చూస్తాను. చేతికి అలవాటైపోయింది.

సార్ ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో ఎవరికైనా తెలుసా? మీకు గుర్తున్నవి కూడా రాయండి.

కాజీపేట_జంక్షన్:

అన్నా, నేను మీ తర్వాత నాలుగేళ్ళకు. చెంబు మాకూ ఉంది. మా కాలానికి దానికి సొట్ట పడింది. సొట్టతో సహా గీయమనేవారు.

నాకు ఎక్కువ గుర్తున్నది వేయి స్తంభాల గుడి. శనివారం ఒంటిపూట బడి అయ్యాక పది, పన్నెండు మందిమి సార్ సైకిల్ వెంట నడిచి పోయేవాళ్ళం. చెయ్యి చాపి, పెన్సిల్ నిలువుగా పట్టుకొని, ఒక కన్ను మూసి, బొటనవేలితో స్తంభాన్ని కొలవడం నేర్పారు. "స్తంభం ఎన్ని పెన్సిళ్ళు, దాని పక్కన మనిషి ఎన్ని పెన్సిళ్ళు, అది రాసుకో. అడుగులు, అంగుళాలు నీకెందుకు?" అనేవారు. ఆ గుడి 1163లో రుద్రదేవుడు కట్టించాడని, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒక్కచోట గర్భగుళ్ళు ఉండే త్రికూటాలయం అని నేను మొదట విన్నది సోషల్ క్లాసులో కాదు, అక్కడి రాతి అరుగు మీద కూర్చొని.

రైల్వేలో చేరాక ఇంజనీరింగ్ డ్రాయింగులు చూడాల్సి వస్తే నాకేమీ కష్టం అనిపించలేదు.

గునుగుపువ్వు:

తమ్ముళ్ళకు, అన్నలకు నమస్కారం. నాది 2007 బ్యాచ్. మా వరకు వచ్చేసరికి కళ్యాణ మండపం లేదు. మరమ్మతు కోసం విప్పేశారు. స్తంభాలు, దూలాలు నంబర్లు వేసి ఆవరణలో వరుసగా పడుకోబెట్టి ఉండేవి. మేమంతా చిన్నబోయాం. సార్ మాత్రం, "నిలబడ్డప్పుడు మీకు పైభాగం అందదు. ఇప్పుడు పడుకుంది, దగ్గరికి పోయి చూడండి" అన్నారు. ఒక్కో స్తంభం మీద ఎన్ని పట్టీలు, ఎక్కడ చతురస్రం, ఎక్కడ గుండ్రం, ఎక్కడ మళ్ళీ చతురస్రం అని తడిమి చూసి గీశాం. 2024 శివరాత్రికి ఆ మండపాన్ని మళ్ళీ తెరిస్తే మా పిల్లల్ని తీసుకొని పోయాను. నేను గీసిన రాయి ఏదో గుర్తుపట్టలేకపోయాను. కానీ ఆ పట్టీల మీద చెయ్యి పెడితే వేళ్ళకు తెలిసింది.

ఇంకొకటి రాయాలి. మాది మడికొండ దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక నాకు సంబంధాలు చూస్తున్నారు. అప్పటికే సార్ నాతో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు రాయించారు. ఆ పైన వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ చేస్తేనే డ్రాయింగ్ టీచర్ పోస్టుకు అర్హత. నలభై రెండు రోజులు ఆడపిల్లను రోజూ బస్సులో ఎవరు పంపుతారని మా బాపు ఒప్పుకోలేదు. సార్ ఎండలో సైకిల్ మీద మా ఇంటికి వచ్చారు. చదువు గొప్పతనం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మా అవ్వ వాకిట్లో వేసిన ముగ్గు దగ్గర కూర్చొని, "ఈ చుక్కలు లెక్క తప్పకుండా ఎట్ల వేస్తవమ్మా?" అని అడిగారు. అవ్వ చెబుతుంటే అరగంట విన్నారు. పోయేటప్పుడు బాపుతో, "మీ ఇంట్ల ఇద్దరు ఆర్టిస్టులున్నరు. ఒకామెకు సర్టిఫికెట్ లేదు, ఇంకొకామెకు ఇప్పించు" అన్నారు. ట్రైనింగ్‌కు మొదటి రోజు మా బాపే దిగబెట్టాడు.

ఇప్పుడు నేను ఒక ప్రభుత్వ బడిలో పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్‌గా బొమ్మలే నేర్పుతున్నాను.

మానేరు_ఒడ్డు:

నేను మీ బడి కాదు, కరీంనగర్. ఇవన్నీ చదువుతుంటే సంతోషంగా ఉంది, కడుపులో కలుక్కుమంటోంది కూడా. మా బడిలో టైంటేబుల్ మీద డ్రాయింగ్ ఉండేది. ఆ పీరియడ్ వచ్చేసరికి లెక్కల సారు వచ్చేవారు. పదో తరగతిలో అయితే ఆ గడిని కూడా కొట్టేశారు. ఐదేళ్ళలో నాకు ఎవరూ పెన్సిల్ పట్టుకోవడం చూపించలేదు. నాకు బొమ్మలు రావనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

అక్కా, విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కళలు నేర్పే మనిషి ఉండాలని ఉందంటారు కదా, నిజమేనా?

గునుగుపువ్వు:

ఉంది తమ్ముడూ. 2009 చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది కంటే ఎక్కువ పిల్లలున్న బడికి ఆర్ట్, వ్యాయామం, పని విద్య నేర్పేందుకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. నా ఉద్యోగం అలా వచ్చిందే. వందకు తక్కువ ఉన్న పల్లె బడుల పిల్లల సంగతి అందులో లేదు. పిల్లలు తగ్గుతున్న బడులే ఎక్కువైన రోజుల్లో ఆ వంద అనే అంకె నాకు చాలా బాధగా ఉంటుంది.

నీకు బొమ్మలు రావని ఎవరన్నారు? చెంబు ఒకటి ముందు పెట్టుకో.

పరకాల_బస్సు:

అందరూ మంచే రాస్తున్నారు. నేను ఒక చేదు సంగతి రాస్తాను, తప్పుగా అనుకోవద్దు. ఎనిమిదిలో కేలెండర్ మీది లక్ష్మీదేవిని కార్బన్ పేపర్ పెట్టి దింపి, రెండు రాత్రులు రంగులు వేశాను. కేమెల్ రంగుల పెట్టె మా మామ కొనిచ్చాడు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. సార్ క్లాసులో అందరి ముందు దాన్ని రెండు ముక్కలు చేసి, "ఇది కేలెండర్ వాడి బొమ్మ" అన్నారు. నేను తర్వాత ఆ క్లాసులో తలెత్తలేదు. ఆయన గొప్పవారే కావచ్చు. పదమూడేళ్ళ పిల్లవాడికి అది ఎక్కువ శిక్ష.

కొత్తవాడ_మగ్గం:

తమ్మీ, రాసి మంచి పని చేశావు. అది తప్పే. సమర్థించను. సార్‌కు కార్బన్ పేపర్ అంటే పడేది కాదు, మాకూ తెలుసు. కానీ చింపడం వేరు.

మట్టెవాడ_ఆర్ట్స్:

పరకాల అన్నా, ఆ రోజు నేను నీ వెనక బెంచీలో ఉన్నాను. నువ్వు బడి మానేస్తావేమో అని నాకు భయమేసింది. మరుసటి వారం సార్ గళ్ళు కొట్టి బొమ్మ పెద్దది చేయడం నేర్పారు. చిన్న బొమ్మ మీద గళ్ళు, పెద్ద కాగితం మీద అన్నే గళ్ళు, ఏ గడిలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ దాటుతుందో చూసుకుంటూ వేయడం. చూసి వేసేవాళ్ళకు న్యాయమైన దారి అదని చెప్పారు. నీ కోసమే చెప్పారని నాకు అప్పుడే అనిపించింది. నువ్వు ఆ రోజు రాలేదు.

నాది వరంగల్‌లో బోర్డుల షాపు. సార్ ఉద్యోగం రాకముందు సినిమా బ్యానర్లు, గోడ రాతలు రాసినవారే. వేసవి సెలవుల్లో నన్ను వెంటేసుకొని రెండు గోడలు రాయించారు. దారానికి ముగ్గుపిండి పట్టించి, చెరో కొస ఇద్దరం పట్టుకొని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడేది. ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టం. అయితే ఎన్ని గీతలు కొట్టాలో ముందు తెలియాలి కదా. "పేరులో కింద ఒత్తులెన్ని, పైన గుడులెన్ని లెక్కపెట్టు. ఆ తర్వాత దారం పట్టు" అనేవారు. తెలుగుకు పైనా కిందా జాగా కావాలి. ఇంగ్లిష్ వరుసల కొలతతో తెలుగు రాస్తే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడికి గుద్దుకుంటుంది. ఇప్పటి ఫ్లెక్సీలు చూడండి, సగం వాటిల్లో ఇదే జరుగుతోంది. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

ఫ్లెక్సీలు వచ్చాక నా కుంచె పని బాగా తగ్గింది. మిషన్ నేనూ కొన్నాను, కొనక తప్పలేదు. బడి గోడల మీద బొమ్మలు, గుళ్ళ మీద పేర్లు వస్తే మాత్రం ఇంకా చేత్తోనే రాస్తాను.

పరకాల_బస్సు:

గళ్ళ క్లాసు సంగతి నాకు తెలియదు. ఇప్పుడే తెలిసింది. థాంక్స్ అన్నా.

పాలంపేట_దారి:

నేను ములుగు నుంచి. హాస్టల్లో ఉండి అక్కడ చదివాను. సార్ మమ్మల్ని రామప్ప గుడికి తీసుకొని వచ్చినప్పుడు నాకు ఎంత గర్వమో, మా ఊరి వైపు కదా. బస్సులో నేనే ముందు సీట్లో కూర్చొని దారి చెప్పాను.

అందరూ మదనికల (గుడి చూరు కింద నిలబెట్టిన ఆడ శిల్పాల) దగ్గరికి పరుగెత్తారు. సార్ మమ్మల్ని ఆపి, ముందు గోడను, తర్వాత ఆ బొమ్మలను ముట్టుకోమన్నారు. గోడ ఎర్రటి ఇసుకరాయి, గరుకుగా ఉంటుంది. మదనికలు నల్లరాయి, అద్దంలా నున్నగా ఉంటాయి. "మెత్తటి రాయి ఎక్కడ వాడిండు, గట్టి రాయి ఎక్కడ దాచుకున్నడు, చూడండి. ముందు రాయిని ఎంచుకునుడు, తర్వాత ఉలి." గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలుతాయని కూడా అక్కడే విన్నాం. కింద ఇసుక నింపిన పునాది, పైన తేలికైన ఇటుక. ఎనిమిది వందల ఏళ్ళు ఎలా నిలబడిందో మాకు పుల్లతో మట్టిలో గీసి చూపించారు.

1213లో దాన్ని కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. శాసనంలో ఆయన పేరుంది. లోపల ఉన్నది రామలింగేశ్వరుడు. జనం నోట నిలిచిన రామప్ప అనే పేరు మాత్రం చెక్కిన శిల్పిదని మా వైపు పెద్దలు చెబుతారు. సార్ ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మారింది. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు నేను మొదట ఆయన్నే తలుచుకున్నాను. ఫోన్ నంబరు లేదు.

చేర్యాల_పటం:

మీ బడి కాకపోయినా రెండు మాటలు. మీ సార్ మా ఇంటికి ఒకసారి నలుగురు పిల్లలతో వచ్చారు, నేను చిన్నవాడిని. మాది నకాషీ పని, అంటే గుడ్డ మీద కథల పటాలు గీయడం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, తుమ్మబంక కలిపి పూతలు పూస్తాం. అది ఆరాక పెన్సిల్ లేకుండా కుంచెతోనే నేరుగా గీత పడాలి. ఆ తర్వాత ఎరుపు. ఆ ఎరుపు నేపథ్యం వల్లే దూరం నుంచి కూడా మా పటం తెలిసిపోతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ. పదుల అడుగుల పటాన్ని ఒక్కో గడి విప్పుతూ రాత్రంతా పాడేవారు.

మీ సార్ అడిగిన ప్రశ్న మా నాయన చాలాసార్లు చెప్పేవాడు: "పాడేవాళ్ళు తగ్గితే పటం ఎవరి కోసం గీస్తున్నారు?" నాయన, "గోడ కోసం గీస్తున్నాం సార్" అన్నాడట. ఇప్పుడు అందరి ఇళ్ళ గోడలకూ చిన్న చిన్న పటాలు, కొయ్యపొట్టుతో చేసిన ముఖాలు అమ్ముతున్నాం. బతుకు నడుస్తోంది. పొడుగు పటం మాత్రం ఎవరైనా అడిగితే తప్ప వేయడం లేదు.

కొత్తవాడ_మగ్గం:

చేర్యాల అన్నా, ఆ నలుగురిలో నేనొకణ్ణి! మీ అమ్మగారు మాకు మక్క గుడాలు పెట్టారు. మేం పద్మశాలీలం. మార్కండేయ పురాణం పటంలో మా కథ ఉందని నాకు అక్కడే తెలిసింది. ఇంటికొచ్చి బాపుకు చెబితే, చిన్నప్పుడు ఆ పటం విప్పి కథ చెప్పే కూనపులి వాళ్ళు వచ్చి పాడగా విన్నానని చెప్పాడు. అప్పటిదాకా మగ్గం పని అంటే నాకు చిన్నతనంగా ఉండేది. సార్ మా మగ్గం చూడటానికి కూడా వచ్చారు. 1851లో లండన్‌లో పెట్టిన మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు పోయాయని బాపుకు చెప్పింది సారే. బాపు ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నాడో. 2018లో మా దర్రీలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చేనాటికి ఆయన ఉన్నాడు, అది చూశాడు.

సిద్దిపేట_మూల:

సార్ చిత్రకారుడు కాపు రాజయ్య గారి గురించి చెప్పేవారా? ఆయన కూడా మా సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టరే కదా.

కాజీపేట_జంక్షన్:

చెప్పకుండా ఎలా ఉంటారు! బోనాలు, బతుకమ్మ, వడ్డెర ఆడవాళ్ళు, మనం రోజూ చూసే మనుషులే ఆయన బొమ్మల్లో ఉంటారని చెప్పేవారు. మన పాత వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టి శాంతినికేతన్ దాకా పోయి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు గారి పేరు కూడా సార్ దగ్గరే విన్నాను. పాత వారపత్రికల్లో పడిన బొమ్మలు కత్తిరించి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అంటించి పెట్టుకునేవారు. అదే మాకు మ్యూజియం.

గునుగుపువ్వు:

బతుకమ్మ అంటే గుర్తొచ్చింది. సార్ రంగుల పాఠం ఎప్పుడూ పుస్తకంలోంచి చెప్పలేదు. సద్దుల బతుకమ్మ ముందురోజు ఇంట్లో పేర్చే వరుసలు రాసుకు రమ్మనేవారు. తంగేడు పక్కన నీలి కట్లపూలు పెడితే రెండూ ఎందుకు ఎగిసిపడతాయి, తంగేడు పక్కన బంతి పెడితే రెండూ ఎందుకు కలిసిపోతాయి. గునుగు కొసల్ని రంగునీళ్ళలో ముంచితే పైన రంగు, కింద తెలుపు మిగులుతుంది కదా. ఆ తెలుపే మిగతా రంగుల్ని నిలబెడుతుందని చెప్పేవారు. "మీ అమ్మలకు తెలుసు, చెప్పరు. చేసి చూపిస్తరు."

ఈ పేరు పెట్టుకున్నది అందుకే.

మట్టెవాడ_ఆర్ట్స్:

మొన్న ఆగస్టులో సార్ కనిపించారు, ఇవాళ వచ్చి రాస్తున్నాను. ఇంటికి పోయి వచ్చాకే రాద్దామని ఆగాను. కూతురు దగ్గర, హన్మకొండలోనే ఉన్నారు. చెయ్యి కొంచెం వణుకుతోంది. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆయన అన్న మాట ఇది: "ఒరేయ్, ఇన్నేళ్ళ నుంచి నేను తెలుపు అనుకున్నదంతా పసుపురా. ఇప్పుడు నీలం కొత్తగ కనబడుతున్నది." డాక్టర్‌ను అడిగితే వయసుతో కంటి కటకం పసుపెక్కుతుందని, అది తీసేస్తే నీలాలు బాగా తెలుస్తాయని చెప్పాడట. ఈ బతుకమ్మకు కట్లపూలు దగ్గర నుంచి చూడాలని ఉందని అన్నారు. పువ్వులు అమ్మేచోటికి పోవడానికి ఓపిక లేదు.

మీ అందరి పేర్లు చెప్పాను. పరకాల అన్నా, నీ పేరు నేను చెప్పకముందే ఆయనే అడిగారు. "లక్ష్మీదేవి బొమ్మ పిల్లగాడు ఏమైండు?" అని. చింపి ఉండకూడదని అన్నారు. ఇంకేం అనలేదు.

పరకాల_బస్సు:

ఎప్పుడు పోతున్నారు? నేనూ వస్తాను.

గునుగుపువ్వు:

సద్దుల ముందు ఆదివారం పోదాం. మా ఊరి చెలకల్లో కట్లపూలు ఉన్నాయి, పొద్దున్నే తెంపుకొస్తాను. తంగేడు కూడా తెస్తా, పక్కన పెట్టి చూపించాలి కదా.

కాజీపేట_జంక్షన్:

పది గంటలకు చౌరస్తాలో కలుద్దాం. కాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్ళను నా కారులో ఎక్కించుకుంటాను, నలుగురికి చోటుంది.

మానేరు_ఒడ్డు:

నేను మీ సార్ విద్యార్థిని కాదు. అయినా రావచ్చా?

మట్టెవాడ_ఆర్ట్స్:

పెన్సిల్, కాగితం తెచ్చుకో తమ్ముడూ. హెచ్‌బీ వద్దు, మెత్తగా నల్లగా రాసే 4బీ తెచ్చుకో.

కొత్తవాడ_మగ్గం:

నేను ఆ షీటు తెస్తున్నాను. నీడ ఇంకా వేయలేదు. ఈ రాత్రి వేద్దామనుకున్నాను గానీ ఇంట్లో అన్నీ ప్లాస్టిక్ మగ్గులే.

గునుగుపువ్వు:

మా అవ్వది ఇత్తడి చెంబు ఉంది అన్నా. పూలు అందులోనే పెట్టుకొస్తాను. అక్కడ సార్ ముందే కూర్చొని వెయ్యి.